ఎకరం చెలకలో మొరం ఎంతొస్తుంది? పర్మిట్‌కు ముందే వేసుకోవాల్సిన లెక్క

సిరొంచ, అహేరి, రాజురా, గోండ్‌పిపరి, కిన్వట్, ధర్మాబాద్ – మహారాష్ట్ర అంచున తెలుగు వినపడే ఏ ఊళ్లోనైనా రోడ్డు పని మొదలైందంటే మొదట కన్నుపడేది మొరం (రోడ్డుకు వేసే గరుకు రాతిమట్టి) ఉన్న చెలకల మీదే. కాంట్రాక్టర్ తరఫు మనిషి వచ్చి "ఎకరం ఇయ్యి పటేలా, రెండు మీటర్లు తీస్తం, తీసినాక చదును చేసి ఇస్తం" అంటాడు. రైతు లెక్క వేసుకుంటాడు: ఎకరం 4,047 చదరపు మీటర్లు, రెండు మీటర్ల లోతు, 8,094 ఘనపు మీటర్లు. బ్రాస్ అంటే 100 ఘనపుటడుగులు, 2.83 ఘనపు మీటర్లు. అంటే 2,860 బ్రాస్ చేతిలో ఉన్నట్టే అనుకుంటాడు. తవ్వకం పర్మిట్ దరఖాస్తులో కూడా ఆ అంకే ఎక్కుతుంది. గొడవ మొత్తం ఇక్కడ పుడుతుంది.

ఎందుకంటే ఎకరం అంతా తవ్వడానికి ఉండదు. మైనింగ్ ప్లాన్‌లో చుట్టూ 7.5 మీటర్ల హద్దు పట్టీ వదలమంటారు. చతురస్రంగా ఉన్న ఎకరం ఒక్కో వైపు సుమారు 63.6 మీటర్లు. రెండు పక్కలా 7.5 పోతే మిగిలేది 48.6 మీటర్లు. అంటే 40 గుంటల్లో పదహారున్నర గుంటలు హద్దుకే పోయాయి. పొడుగ్గా, సన్నగా ఉన్న పట్టీ పొలమైతే ఇంకా నష్టం. 30 మీటర్ల వెడల్పు పొలంలో సగం వెడల్పు హద్దే మింగేస్తుంది.

తర్వాత గోడలు. మొరం, గ్రావెల్, మట్టి లాంటి వదులు నేలలో గోడ నిట్టనిలువుగా ఉండకూడదు. 1961 మెటలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం వాలు 45 డిగ్రీలు మించకూడదు, లేదా మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకుండా, వెడల్పు ఆ ఎత్తుకు తగ్గకుండా ఉండాలి. 45 డిగ్రీల వాలుతో తీస్తే మన ఎకరం గొయ్యి సుమారు 1,535 బ్రాస్. అందులో పైన 30 సెంటీమీటర్లు సాగుమట్టి, అది అమ్మే సరుకు కాదు, పక్కన పెట్టాల్సింది. అది తీసేస్తే అమ్ముకునే మొరం 1,290 బ్రాస్. 2,860 కాదు, అందులో సగం కూడా లేదు.

ఇంకా ఉంది. 45 డిగ్రీల గోడ మీద నాగలి నడవదు, వానకు కోసుకుపోతుంది. మళ్లీ సాగుకు రావాలంటే మీటరు దిగడానికి మూడు మీటర్లు సాగే వాలు కావాలి. గొయ్యి తీసినాక ఆ వాలు తేవాలంటే దాదాపు 690 ఘనపు మీటర్ల మట్టి బయటి నుంచి తెచ్చి పొయ్యాలి. ఎక్కడి నుంచి? పక్క పొలం తవ్వితే దానికీ పర్మిట్ కావాలి. అందుకే నా మాట ఒక్కటే: గొయ్యి చివరికి ఏ ఆకారంలో ఉండాలో ముందు గీసి, మొదటి రోజు నుంచే ఆ వాలులోనే తియ్యండి. అప్పుడు చేతికొచ్చేది 1,050 బ్రాస్. దరఖాస్తులో రాయాల్సిన అంకె, కాంట్రాక్టర్‌తో బేరమాడాల్సిన అంకె అదే. 2,860కి ఒప్పందం రాసుకున్నవాడు అంత సరుకు ఇవ్వాలంటే హద్దు కొరకాలి, లోతు పెంచాలి, సాగుమట్టి కూడా అమ్మాలి. మూడూ జరుగుతున్నాయి, మీరూ చూస్తూనే ఉన్నారు.

గొయ్యి బ్రాస్, బండి బ్రాస్

నేలలో గట్టిగా ఉన్న మొరం తవ్వితే ఉబ్బుతుంది. సుమారు 25 శాతం పట్టుకోండి. గొయ్యిలో 1,050 బ్రాస్ అంటే టిప్పర్లలో 1,310 పైచిలుకు. రోడ్డు మీద ఆపినవాళ్లు టిప్పర్ కొలుస్తారు. ఫిర్యాదు వచ్చినప్పుడు ఈటీఎస్ మిషన్ (సర్వే కొలత పరికరం) పెట్టి గొయ్యి కొలుస్తారు. ఈ రెండు కొలతలూ ఎప్పటికీ కలవవు. పర్మిట్ పరిమాణం ఏ కొలతలో ఉందో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి. దరఖాస్తుకు జతచేసే లెక్కలో రెండు అంకెలూ, ఉబ్బు శాతం కూడా రాయాలి. తవ్వకం మొదలవక ముందే నేల లెవెల్స్ (ఎత్తుపల్లాల కొలతలు) తీయించుకుని, ఆ కాగితం మీద సర్వేయర్ సంతకం, తేదీ ఉంచుకోవాలి. ముందు లెవెల్స్ లేకపోతే, పాత ఒర్రె గొయ్యి కూడా మీరు తవ్విందే అవుతుంది.

అనుమతి లేకుండా, లేదా అనుమతి మించి తీస్తే మహారాష్ట్ర ల్యాండ్ రెవెన్యూ కోడ్ సెక్షన్ 48(7) కింద జరిమానా మార్కెట్ విలువకు అయిదు రెట్ల దాకా ఉంటుంది. బండ్లు, మిషన్ల జప్తు 48(8) కింద, అది వేరే తలనొప్పి.

పది టైర్ల టిప్పర్‌లో అయిదు బ్రాస్ పైన పడుతుంది, అది నిజమే. కానీ 2018 సవరణ తర్వాత మూడు ఇరుసుల బండికి మొత్తం బరువు 28.5 టన్నులు. ఖాళీ బండి పదకొండు, పన్నెండు టన్నులు పోతే సరుకు పదహారు, పదిహేడు టన్నులు. అంటే మూడున్నర బ్రాస్ చిల్లర. రవాణా పాస్ మూడున్నరకు, సరుకు అయిదున్నర అయితే అది ఓవర్‌లోడ్ ఒక్కటే కాదు, రాయల్టీ (ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) ఎగవేత కూడా.

సాత్‌బారాలో ఏం చూడాలి

తహసిల్ ఆఫీసుకు పోకముందే సాత్‌బారా (7/12 భూమి హక్కుల పత్రం), 8-అ (ఖాతా పత్రం) ముందేసుకుని కూర్చోండి. కబ్జాదారు (భూమి హక్కుదారు) పేరు పక్కన వర్గ్ 1 ఉందా, వర్గ్ 2 ఉందా? వర్గ్ 2 అయితే భూమి మీద ప్రభుత్వ షరతులున్నట్టు. వేరే పనికి వాడాలంటే ముందు అనుమతి కావాలి. ఇతర హక్కుల గడిలో బ్యాంకు బోజా (అప్పు భారం) ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ. వారసుల పేర్లు అయిదారుంటే అందరి సమ్మతి పత్రం. పుణెలో ఉన్న చెల్లెలి సంతకం లేక ఫైలు ఆగిపోవడం మామూలే. గట్ నంబర్ (సర్వే నంబర్) మ్యాపు చాలదు, భూమి అభిలేఖ్ (భూమి రికార్డుల) ఆఫీసు నుంచి మోజణీ (సర్వే కొలత) చేయించి "క" ప్రత్ (కొలత మ్యాపు నకలు) తీసుకోండి. హద్దు రాళ్లు దొరకని పొలాల్లో 7.5 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలో ఎవరికీ తెలియదు, పక్కరైతుతో తగాదా అక్కడే మొదలవుతుంది.

ఆదివాసీ రైతు భూమి అయితే ల్యాండ్ రెవెన్యూ కోడ్ సెక్షన్ 36-అ వస్తుంది. గిరిజనేతరుడికి అయిదేళ్ల లోపు కౌలుకైనా కలెక్టర్ మంజూరు ఉండాలి. అంతకు మించితే కలెక్టర్ మంజూరుకు ముందు రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కూడా. స్టాంపు కాగితం మీద "మొరం తీసుకోవడానికి సమ్మతి" అని రాయించుకుంటే దానికి విలువ లేదు. కాంట్రాక్టర్‌కు ఇది తెలుసు. రైతుకే తెలియదు.

సిరొంచ, అహేరి, ఎటపల్లి తాలూకాలు మొత్తం, రాజురా, కిన్వట్ తాలూకాల్లో కొన్ని ఊళ్లు షెడ్యూల్డ్ ఏరియా (ఆదివాసీ ప్రాంతం). అక్కడ గ్రామసభకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం ప్రకారం మొరం లాంటి చిన్న ఖనిజాల లీజుకు, వేలానికి ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫార్సు తప్పనిసరి. మహారాష్ట్ర 2014లో సొంత పెసా నియమాలు తెచ్చి గ్రామసభ పాత్రను వివరంగా రాసింది. ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, సర్పంచ్, సభ్యులు కూర్చుని చేసిన పంచాయతీ ఠరావ్‌ను (తీర్మానాన్ని) గ్రామసభ ఠరావ్‌గా జతచేయడం. రెండూ ఒకటి కావు. ఠరావ్‌లో గట్ నంబర్, విస్తీర్ణం, లోతు, బ్రాస్, ఎన్నాళ్లు, ఏ దారిన బండ్లు పోతాయి, గొయ్యి ఎవరు ఎప్పటిలోగా సరిచేస్తారు – ఇవన్నీ ఉండాలి. హాజరు పట్టీ జత కావాలి. "మొరం తీయడానికి హరకత్ (అభ్యంతరం) లేదు" అని ఒక్క వాక్యం రాసి పంపితే తిరిగొస్తుంది. తిరిగి రాకపోయినా రేపు కోర్టులో నిలబడదు.

గడ్చిరోలి జిల్లాలో ఇంకో సంగతి. మెండా లేఖా ఊరికి 2009లో సామూహిక అటవీ హక్కు పత్రం వచ్చిన దగ్గర్నుంచి చాలా ఊళ్లకు వచ్చాయి. పొలం పక్క గుట్ట ఊరి సామూహిక హక్కులో ఉంటే బండ్ల దారికైనా గ్రామసభనే అడగాలి. ఇక చంద్రపూర్, గడ్చిరోలి రికార్డుల్లో "ఝుడ్పీ జంగల్" (పొదల అడవి) అని కనపడితే అక్కడితో ఆపేయండి. సుప్రీంకోర్టు 2025 మే 22న ఆ భూములను అటవీ భూములుగానే చూడాలని తేల్చింది. పొదలు తప్ప చెట్టు లేకపోయినా సరే, కేంద్రం అటవీ అనుమతి లేకుండా గడ్డపార పెట్టడానికి లేదు.

పర్యావరణ అనుమతి

"అయిదు హెక్టార్ల లోపు చిన్న ఖదాన్ (క్వారీ), దీనికి ఈసీ (పర్యావరణ అనుమతి) ఎందుకు?" అనే మాట ఇంకా వినపడుతుంది. 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో ఆ తలుపు మూసేసింది. అయిదు హెక్టార్ల లోపు లీజుకైనా పర్యావరణ అనుమతి కావాలి. 2016 జనవరి నోటిఫికేషన్ జిల్లా స్థాయి సంస్థను పెట్టింది కానీ, 2018 సెప్టెంబరు 13 ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఉత్తర్వు తర్వాత ఫైలు రాష్ట్ర స్థాయికే పోతుంది. కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు, ఆమోదించిన మైనింగ్ ప్లాన్, జిల్లా సర్వే రిపోర్టులో (జిల్లాలో తవ్వదగ్గ చోట్ల జాబితాలో) మీ గట్ నంబర్ ఉందన్న రుజువు – ఈ మూడింట్లో ఏది లేకపోయినా కదలదు. జిల్లా సర్వే రిపోర్టు సంగతి రైతులు చివర్లో తెలుసుకుంటారు. మొదట అడగాల్సింది అదే. ఈసీ వచ్చినాక కాలుష్య నియంత్రణ మండలి కన్సెంట్ వేరే.

500 మీటర్ల లోపు ఇంకో మొరం లీజు ఉంటే రెండూ ఒక క్లస్టర్. క్లస్టర్ మొత్తం అయిదు హెక్టార్లు దాటితే మీ రెండెకరాలకు కూడా పెద్ద ఖదాన్‌కు అడిగే అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ వస్తాయి. పక్కవాడు ఎన్ని ఎకరాలకు లీజు తీసుకున్నాడో తెలుసుకోకుండా సలహాదారుకు ఫీజు కట్టకండి. సిరొంచ వైపు ప్రాణహిత, అష్టి వైపు చప్రాళా, కిన్వట్ వైపు పైన్‌గంగ అభయారణ్యాల దూరం కూడా ముందే కొలిపించండి.

రోడ్డు కాంట్రాక్టర్లు ఒక పాత కాగితం చూపిస్తారు: రోడ్లు, పైపులైన్లకు మామూలు మట్టి తీయడానికి ఈసీ అక్కర్లేదన్న 2020 మార్చి 28 నోటిఫికేషన్. ఆ మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. తర్వాత కేంద్రం షరతులతో కొత్త నియమాలు తెచ్చింది కాబట్టి, ఏ తేదీ కాగితమో చూడకుండా పొలం అప్పగించొద్దు.

నిజంగా ఈసీ అక్కర్లేనివీ ఉన్నాయి. బావి తవ్వుకోవడం, ఇంటి పునాది, వరదకు పొలంలో మేటవేసిన ఇసుక రైతు తీసుకోవడం, చెరువు పూడిక. మహారాష్ట్రలో గాల్‌ముక్త్ ధరణ్ పథకం కింద చెరువు పూడిక రైతుకు రాయల్టీ లేకుండా వస్తుంది. పునాది మట్టిని అదే స్థలం చదునుకు వాడుకుంటే రాయల్టీ పడదని 2014లో పుణె బిల్డర్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే మట్టి టిప్పరెక్కి గేటు దాటితే లెక్క మారిపోతుంది.

డబ్బు

2021 నుంచి రాయల్టీ బ్రాస్‌కు 600 రూపాయలు. 1,050 బ్రాస్‌కు 6,30,000. దాని మీద జిల్లా ఖనిజ ప్రతిష్ఠాన్‌కు 10 శాతం, 63,000. టీసీఎస్ (ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) 2 శాతం. జీఎస్‌టీ నంబర్ ఉన్నవాళ్లకు రాయల్టీ మీద 18 శాతం రివర్స్ చార్జ్ (రాయల్టీ కట్టేవాడే కట్టాల్సిన జీఎస్‌టీ). చలాన్ ఎవరి పేరున కట్టారో చూసుకోండి. పర్మిట్ రైతు పేరున, చలాన్ కాంట్రాక్టర్ పేరున ఉంటే ఆడిట్‌లో ఇద్దరూ ఇరుక్కుంటారు.

రైతుకు నేను చెప్పేది: టిప్పర్‌కు ఇంత అని బేరమాడొద్దు. మొత్తం సొమ్ములో నాలుగో వంతు సాగుమట్టి తిరిగి పరిచినాకే తీసుకుంటానని కాకుండా, అంత సొమ్మును మీకివ్వాల్సిన దానికి అదనంగా, డిపాజిట్‌గా, కాంట్రాక్టర్ చేత ముందే బ్యాంకులో ఇద్దరి పేరున వేయించండి. పరిచినాక అది కాంట్రాక్టర్‌కు తిరిగిపోతుంది, పరచకపోతే ఆ సొమ్ముతో మీరే పోక్లేన్ (పెద్ద తవ్వకం మిషన్) పెట్టించుకుంటారు. పని అయిపోయాక పోక్లేన్ వెనక్కి రాదు, దాని అద్దె గంటల్లో లెక్క.

తవ్వకం

పర్మిట్‌కు డబ్బు పెట్టకముందు నాలుగు మూలలా, మధ్యలో ఒకటి గుంతలు తీయించి పొరలు చూడండి. రాజురా, కిన్వట్ వైపు నల్లమట్టి కింద శిథిలమైన బసాల్ట్ మొరం. సిరొంచ దిగువన నది పాత మెట్ల మీది గులకరాళ్ల గ్రావెల్, ఇసుకరాయి. రోడ్డు కింద వేసే జీఎస్‌బీ పొరకు సన్నపొడి లిక్విడ్ లిమిట్ 25, ప్లాస్టిసిటీ ఇండెక్స్ 6 (మట్టి జిగట చెప్పే ల్యాబ్ అంకెలు ఇవి) దాటకూడదు. నల్లమట్టి కాస్త కలిసినా ఈ అంకెలు ఎగిరిపోతాయి, ల్యాబ్‌లో ఫెయిల్ అయితే పది బండ్లు తిరిగొస్తాయి. సాగుమట్టిని శుభ్రంగా ముందే తీయడం పొలానికే కాదు, సరుకు పాసవడానికీ పనికొస్తుంది. బేరగాళ్లకు ఈ మాట చెప్తే వింటారు.

సిరొంచ దగ్గర ఎముకలా, దుంగలా ఉన్న రాయి తగిలితే పని ఆపి తహసిల్‌లో చెప్పండి. వడధం శిలాజ పార్కు ఉన్నది ఆ చుట్టుపక్కలే.

లోతు ఆరు మీటర్ల లోపు, మనుషులు యాభై మంది లోపు, పేలుడు సామాను లేకపోతే మొరం, గ్రావెల్ గోతులకు 1952 గనుల చట్టంలో చాలా భాగం వర్తించేది కాదు (2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది). అంటే గోడ కింద నుంచి గీకొచ్చని కాదు. జేసీబీ బకెట్ కింద నుంచి పొడుస్తుంటే పైన మట్టి వేలాడుతుంది. మొదటి వానకు, లేదా పైన టిప్పర్ రివర్స్ చేసినప్పుడు విరిగిపడుతుంది. పై నుంచి కిందికే తియ్యాలి, టిప్పర్ గోడ అంచుకు రాకూడదు.

నీటిమట్టం చూడాల్సింది మే నెలలో కాదు. పక్క బావిలో అక్టోబరు నీరు ఎంత పైకి వస్తుందో అడిగి, గొయ్యి అడుగు దానికన్నా పైనే ఆపండి.

మళ్లీ పొలం చేయడం

మన ఎకరంలో సాగుమట్టి సుమారు 680 ఘనపు మీటర్లు, తవ్వినాక 850. దాన్ని హద్దు పట్టీ మీదే కట్టలా పోయొచ్చు: అడుగున 5 మీటర్లు, పైన ఒకటిన్నర, ఎత్తు 1.2. చుట్టూ 224 మీటర్ల పొడవుకు ఇది సరిగ్గా సరిపోతుంది. బండి దారి వదిలితే ఎత్తు కాస్త పెరగొచ్చు. రెండు మీటర్లు మించి కుప్ప పోస్తే లోపల గాలాడక మట్టి చచ్చిపోతుంది. తడిగా ఉన్నప్పుడు నల్లమట్టిని మిషన్‌తో ముట్టుకోవద్దు. కట్ట మీద వెంటనే పిల్లిపెసర చల్లాలి, లేకపోతే వయ్యారిభామ నిండుతుంది, ఆ విత్తనమంతా మళ్లీ పొలంలోకే వస్తుంది.

చాలా గోతులు చెడేది అడుగు దగ్గర. నెలల తరబడి టిప్పర్లు తొక్కిన మొరం అడుగు సిమెంటు గచ్చు అయిపోతుంది. దాని మీద సాగుమట్టి పరిస్తే పైకి బాగానే కనపడుతుంది. ఆగస్టులో నీళ్లు దిగక పత్తి పసుపెక్కి చస్తుంది, "మట్టి సారం పోయింది" అంటారు. సారం కాదు, వేరుకు దారి లేదు. మే నెలలో, నేల ఎండిపోయి ఉన్నప్పుడు పోక్లేన్‌కు ఒంటి పంటి రిప్పర్ తగిలించి 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతు, మీటరుకో చాలు, వాలుకు అడ్డంగా చీల్చాలి. తడిగా ఉంటే పంటి కోసుకుంటూ పోతుంది తప్ప అడుగు పగలదు. చీల్చినాక దాని మీద టిప్పర్ తిరగకూడదు. మట్టిని అంచు నుంచి పోసుకుంటూ బకెట్‌తో వెనక్కి జరుగుతూ పరచాలి. 25 సెంటీమీటర్ల మందం వస్తే మంచి పనే. అడుగు నూటికి ఒకటి వాలుతో ఒక మూలకు దిగాలి, ఆ మూలన రాళ్లు పేర్చిన అలుగు. ఎగువ నుంచి వచ్చే వాననీరు గోతిలో పడకుండా హద్దు పైన మళ్లింపు కాలువ.

ఎకరానికి నాలుగు టన్నుల పశువుల ఎరువు, తొలకరికి జనుము 12–15 కిలోలు. పూత దశలో, నలభై అయిదు యాభై రోజులకు కలియదున్నాలి. మొదటి ఏడు పత్తి జోలికి పోవద్దు. కంది, జొన్న చూడండి. హద్దు పట్టీలో కానుగ, వేప, చింత, ఇప్ప.

"చదును ఎందుకు, శేత్తళే (పొలం కుంట) చేసుకుంటా" అనేవాళ్లుంటారు. చేసుకోవచ్చు, కానీ ప్లాన్‌లో ముందే రాయాలి. వాలు అదే, చుట్టూ కంచె, పిల్లలు పడితే పైకెక్కడానికి ఒక వైపు మెట్లు. నిట్టనిలువు గోడల గోతిని శేత్తళే అని పిలిచినంత మాత్రాన అది శేత్తళే అయిపోదు.

పని ముగిసినాక వానల ముందే తలాఠీని (గ్రామ రెవెన్యూ అధికారిని), మండల్ అధికారిని పిలిపించి ముగింపు పంచనామా రాయించండి. చివరి లెవెల్స్, జీపీఎస్ ఫొటోలు, వాడని పాస్‌ల రద్దు, కట్టిన డిపాజిట్ వాపసు దరఖాస్తు అదే రోజు. పంచనామా నకలు మీ దగ్గర ఉండాలి. తర్వాత దారికి అడ్డంగా కందకం కొట్టించి బండి దిగకుండా చేయండి: పాత గోతిలో రాత్రిపూట ఎవరో నాలుగు ట్రిప్పులు ఎత్తుకుపోతే నోటీసు వచ్చేది సాత్‌బారాలో పేరున్నవాడికే.